'స్ట్రైక్ బ్యాక్' రెండో సీజన్‌లో హీరో ఎందుకు మారిపోయాడు?

కథ ప్రకారమైతే ఈ బ్రిటిష్ టీవీ యాక్షన్ సిరీస్ మొదటి హీరో జాన్ పోర్టర్ రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే చనిపోతాడు. అసలు కారణం తెర వెనకది. ఆ పాత్ర వేసిన రిచర్డ్ ఆర్మిటేజ్‌కి 'ది హాబిట్' సినిమాల్లో పెద్ద వేషం దొరికింది, డేట్లు కుదరలేదు.

ఎస్ఏఎస్ (బ్రిటిష్ సైన్యపు ప్రత్యేక దళం) మాజీ సైనికుడు క్రిస్ ర్యాన్ నవల ఆధారంగా స్కై 1 ఛానెల్ 2010లో తీసిన మొదటి సీజన్‌కీ, తర్వాతివాటికీ పోలికే తక్కువ. అది ఒక్క మనిషి అపరాధభావం చుట్టూ నడిచే కథ. 2011లో అమెరికా ఛానెల్ సినీమాక్స్ నిర్మాణంలో చేరాక బడ్జెట్, బాంబులు, శృంగార సన్నివేశాలు అన్నీ పెరిగాయి. బ్రిటిష్ సైనికుడు స్టోన్‌బ్రిడ్జ్, డెల్టా ఫోర్స్ (అమెరికా సైన్యపు ప్రత్యేక దళం)లో ఒకప్పుడు పనిచేసిన అమెరికన్ స్కాట్ జంటగా వచ్చారు. వాళ్లు పనిచేసే 'సెక్షన్ 20' కల్పిత దళం. కథ ఢిల్లీ హోటల్ ముట్టడితో ఊపందుకుంటుంది, షూటింగ్ మాత్రం ఎక్కువగా దక్షిణాఫ్రికాలో!

ఈ జంట 2015 దాకా ఉంది. 2017లో మళ్లీ కొత్త బృందం, 2020లో ముగింపు. యాక్షన్ కోసమే అయితే నేరుగా రెండో సీజన్ నుంచి చూడండి, ఏమీ అర్థంకాకుండా పోదు. ఇంట్లో పిల్లలతో కలిసి మాత్రం వద్దు.