కారు టాప్ చిరిగింది: షాపుకి 1,350 డాలర్లు ఇవ్వాలా, ఇంట్లోనే బాగుచేసుకోవాలా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇంటి అవసరాలకు ఒక ఎస్‌యూవీ ఉంది. అది కాక రెండేళ్ల కిందట ముచ్చటపడి 5,000 డాలర్లకు 2002 మోడల్ మాజ్డా మియాటా, అంటే టాప్ మడిచి తిరిగే రెండు సీట్ల కారు, కొన్నాను. దాని వినైల్ టాప్ పాతబడి, డ్రైవర్ వైపు మడత దగ్గర మూడు అంగుళాలు చిరిగింది. వానొస్తే సీటు వెనక కార్పెట్ తడుస్తోంది. కొత్త టాప్‌కి షాపువాళ్లు 1,350 డాలర్లు అడిగారు. 12 నెలలు వడ్డీ లేకుండా కట్టుకోవచ్చన్నారు. నా క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 2,200 డాలర్ల బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది పోను నెలకు 350 మిగులుతుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టవచ్చా? నేను హెచ్-1బి మీద ఉన్నాను. మా ఆవిడ కారు అమ్మేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: షాపుకి ఇప్పుడే వెళ్లకండి. అలాగని ఊరుకోకండి కూడా. మీకు నష్టం తెచ్చేది చిరుగు కాదు, లోపలికి దిగుతున్న నీరు. టాప్ ధర ఎంతో మీకు తెలుసు. కింద ఇనుము తుప్పు పడితే ఎంతవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ శనివారమే నీటిని ఆపి, కొత్త టాప్‌కి డబ్బు కూడబెట్టుకోండి.

ముందుగా, సీట్ల వెనక రెండు మూలలా ఉన్న డ్రెయిన్ రంధ్రాలు చూడండి. టాప్ మీద పడిన నీరు వాటిగుండా వెనక చక్రాల ముందు నేల మీదికి పోవాలి. ఆకులు, మట్టి పట్టి అవి పూడితే నీరు కారులోకీ, తలుపుల కింది పెట్టె భాగంలోకీ చేరుతుంది. పాత మియాటాలు ఎక్కువగా తుప్పు పట్టేది అక్కడే. ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోసి, కింద కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే గడ్డి కోసే మెషీన్‌లో వాడే నైలాన్ తీగతో నెమ్మదిగా పొడవండి. ఇనప తీగ పెడితే గొట్టానికే చిల్లు పడుతుంది. మీ కార్పెట్ తడవడానికి సగం కారణం ఇదే అయ్యుండొచ్చు, దీనికి ఖర్చేమీ లేదు. డ్రెయిన్ తెరవకుండా కొత్త టాప్ వేయించడం, కారే పెంకుటింట్లో కొత్త పరుపు పరిచినట్టే.

తర్వాత చిరుగు. ముందున్న రెండు గొళ్లేలు విప్పి, టాప్‌ని కాస్త పైకి లేపితే వినైల్ వదులవుతుంది. లోపలివైపు రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. అంచులు దగ్గరికి చేర్చి, వంకర సూదితో, ఎండకు తట్టుకునే పాలిస్టర్ దారంతో కుట్టండి. నూలు దారం వానకు చివికిపోతుంది. కుట్టు మీద లోపలినుంచి వినైల్ ముక్కని వినైల్ జిగురుతో అంటించండి. ముక్క చిరుగు కంటే చుట్టూ కనీసం అంగుళం ఎక్కువ ఉండాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. లేకపోతే మూలలే ముందు లేస్తాయి. జిగురు ఆరేదాకా, అంటే ఒక రోజంతా, గొళ్లేలు బిగించకండి. సూపర్ గ్లూ వద్దు, గట్టిపడి పగులుతుంది. సిలికాన్ అసలే వద్దు, అది పూసిన చోట తర్వాత ఏ జిగురూ పట్టదు. సామానంతా కలిపి 40 డాలర్ల లోపే.

చిరిగింది మడత దగ్గర కాబట్టి అతుకు వేశాక టాప్ మడవకండి. ఆ కారు కొన్నదే టాప్ తీసి తిరగడానికని నాకు తెలుసు. ఈ కొద్ది నెలలు ఓర్చుకోండి.

ఇక డబ్బు సంగతి. ఆ 12 నెలల ఆఫర్ కాగితం సంతకం పెట్టే ముందు ప్రతి అక్షరం చదవండి. అమెరికాలో షాపులిచ్చే ఇలాంటి చాలా ఆఫర్లలో వడ్డీ రద్దు కాదు, పక్కన లెక్క కడుతూనే ఉంటారు. గడువులోగా మొత్తం తీర్చకుండా 50 డాలర్లు మిగిలినా, కొన్న రోజునుంచి లెక్క కట్టిన వడ్డీ అంతా మీ నెత్తిన వేస్తారు. నెల నెలా అడిగిన కనీస మొత్తం కడుతూ పోతే గడువుకి బాకీ తీరకపోవచ్చు. 24 శాతం బాకీ నెత్తిన ఉన్నవారు దాని పక్కన ఇంకోటి పెట్టుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఆ కార్డు ఒక్కటే ఇప్పుడు మీ దగ్గర నెలకు 44 డాలర్లు వడ్డీగా తీసుకుంటోంది.

మీ 350లో 250 కార్డుకి, 100 టాప్‌కి వేయండి. కొత్తగా ఏమీ గీకకుండా ఉంటే దాదాపు 10 నెలల్లో కార్డు తీరుతుంది. టాప్‌కి 5 నెలల్లో 500 డాలర్లు చేరతాయి. మొత్తం 350 కార్డుకే కడితే వడ్డీ ఇంకాస్త తగ్గుతుంది, నిజమే. కానీ అప్పుడు టాప్‌కి డబ్బు చేరడం ఆలస్యమవుతుంది. ఇప్పుడు అక్టోబరు. నెలకు 100 వేస్తే మార్చికల్లా, మీ దగ్గర వడగళ్ల వానలు ముదరకముందే, చేతిలో డబ్బుంటుంది.

500తో షాపులో పని కాదు, ఇంట్లో అవుతుంది. ఈ మోడల్‌కి గాజు అద్దంతో సహా వినైల్ టాప్ రకాన్ని బట్టి 300 నుంచి 600 డాలర్ల మధ్య దొరుకుతుంది. వెనకవైపు రెయిన్ రైల్ అనే ప్లాస్టిక్ పట్టీ ముందే బిగించి ఉన్న టాప్ కొనండి. పాతది ఎండకు పెళుసెక్కి విప్పేటప్పుడు విరుగుతుంది. అలవాటు లేని చేతికి శని, ఆదివారాలు రెండూ పడతాయి, షాపుతో పోలిస్తే మిగిలేది సుమారు 800 డాలర్లు. మీకు రెంచి పట్టుకోవడమే చిరాకైతే, కార్డు తీరేదాకా అతుకుతో నడిపి తర్వాత షాపుకివ్వండి. అందులో తప్పేం లేదు.

ఇన్సూరెన్స్ అడిగారు. వాడకం వల్ల అరిగినదానికి పాలసీ డబ్బివ్వదు. వడగళ్లు పడినా, ఎవరైనా కత్తితో కోసినా కాంప్రెహెన్సివ్ (ఢీకొట్టడం కాని నష్టాలకు ఇచ్చే కవరేజి) ఉంటే వస్తుంది, అదీ డిడక్టిబుల్ (ముందు మీరే భరించాల్సిన మొత్తం) పోను. పాత చిరుగుని వడగళ్ల ఖాతాలో రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది మోసం కిందికి వస్తుంది, మీ వీసాకి కూడా ముప్పు.

మీ ఆవిడ మాట కొట్టిపారేయదగింది కాదు. ఇంట్లో అప్పుండగా రెండో కారు ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. ఏడాదికి దాని ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఆయిల్, టైర్లు ఎంతవుతున్నాయో కాగితం మీద రాసి, ఇద్దరూ కూర్చుని చూడండి. వచ్చే రెండేళ్లు ఉంచుకోవాలనుకుంటేనే టాప్ కొనండి. అమ్మాలనుకుంటే కొత్త టాప్ వేయకండి, పెట్టిందంతా ధరలో తిరిగి రాదు. డ్రెయిన్లు బాగుచేసి, కార్పెట్ ఎత్తి కింది స్పాంజిని పూర్తిగా ఆరబెట్టి, అతుకు ఉందని కొనేవారికి చెప్పి అమ్మండి.