లంగరేసి కూర్చుంటే ట్రాలరు మీదకొచ్చింది, తప్పెవరిది?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ సముద్రం మీదే వచ్చాయి, అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి పెట్టి నాలుగు మాత్రం తీసుకున్నా. పేర్లు వద్దన్నవాళ్ళవి వెయ్యలేదు.

ప్రశ్న: అన్నా, మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఫైబర్ బోటు అద్దెకి తీసుకుని విశాఖ నుంచి గాలం వేటకి పోతుంటాం. మొన్న రాత్రి నీళ్ళ అడుగున రాళ్ళున్న చోట లంగరేసి పార చేపల కోసం కూర్చున్నాం, ఒక సోనా బోటు, అంటే వల లాగే ట్రాలరు, డెక్కు లైట్లన్నీ వేసుకుని తిన్నగా మా మీదకే వచ్చేసింది. అరిచాం, ఫోను లైట్లు ఊపాం, ఆఖర్లో ముప్పై నలభై గజాల్లో పక్కనుంచి పోయింది, డెక్కు మీద వాళ్ళు తలెత్తి కూడా చూడలేదు. ఆగున్న బోటుని కదిలే బోటే కదా తప్పించుకోవాలి? కంప్లైంట్ ఇవ్వొచ్చా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, కదిలేవాడే తప్పుకోవాలి, అందులో డౌటు లేదు. 1972లో రాసుకుని 1977 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్రతి బోటూ ఎప్పుడూ కళ్ళతో చెవులతో కాపలా కాయాలి, వల లాగుతున్నా సరే, ఇంటికి పోతున్నా సరే. కానీ నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, డెక్కు లైట్లు, ఫోను లైట్లు అన్నీ ఉన్నాయి గానీ మీ లంగరు లైటు గురించి ఒక్క ముక్క లేదు. ఉందా అసలు?

లంగరేసిన చిన్న బోటుకి రాత్రి బాగా కనబడే చోట, చుట్టూ ఎటునుంచి చూసినా కనబడేలా ఒక తెల్ల లైటు ఉండాలి, పగలైతే ముందువైపు నల్ల బంతి. ఏడు మీటర్ల లోపు బోటుకి అక్కర్లేదని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు, అది సగం మాటే, మిగతా సగం ఏంటంటే ఇరుకు చానల్లో, బోట్లు నడిచే దారిలో, లంగరు వేసే చోట, లేదా వాటి దగ్గర్లో ఉంటే ఆ మినహాయింపు లేదు. ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లు రాత్రంతా వచ్చిపోయే చోట మినహాయింపు మాట ఎత్తకండి.

ఇంక అవతలి బోటు సంగతి. వల పైకి లాగాక జనం అంతా వెనక డెక్కు మీద రొయ్య వేరు, చేప వేరు ఏరుతూ ఉంటారు, స్టీరింగ్ దగ్గర ఒక్కడే, ఒక్కోసారి ఆ ఒక్కడు కూడా వెనక్కి తిరిగి చూస్తుంటాడు. పైనుంచి ఆ డెక్కు లైట్లు, వాటి వెలుగులో ఉన్నవాడికి బయట చీకట్లో ఏమీ కనబడదు, మనకేమో వాళ్ళు పెళ్ళి పందిరిలా కనిపిస్తారు కాబట్టి వాళ్ళకి మనం కూడా కనిపిస్తున్నాం అనుకుంటాం. ఎనిమిది నాట్లతో, అంటే గంటకి దాదాపు పదిహేను కిలోమీటర్లతో, వచ్చే బోటు అర కిలోమీటరు రెండు నిమిషాల్లో దాటేస్తుంది. మీరు అరిచింది ఆ ఇంజిను చప్పుడులో వాళ్ళకి వినబడే ఛాన్సే లేదు.

కంప్లైంట్ తప్పకుండా ఇవ్వు, బోటు పక్కన ఐఎన్‌డీ ఏపీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, టైము, ఫోన్లో లొకేషన్ రాసుకుని మత్స్యశాఖకి, మెరైన్ పోలీసులకి. అయితే వాళ్ళు మొట్టమొదట అడిగేది మీ లైటు గురించే.

ప్రశ్న: సార్, నేను బోటు డ్రైవర్ని, పదిహేనేళ్ళ నుంచి ఇదే పని. ఈ గాలాల వాళ్ళు సరిగ్గా మేం వల లాగే దారిలో లంగరేస్తారు, లైటుండదు, మేమే రౌడీలం అన్నట్టు మాట్లాడతారు. వల లాగే బోటుకి అందరూ దారివ్వాలని రూలుంది కదా?
- విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి

జవాబు: ఉంది, కానీ మీరనుకున్నంత లేదు. నడుస్తున్న ఇంజిను బోటు ఏదైనా వల లాగే బోటుకి దారివ్వాలి నిజమే, మీ పచ్చ లైటు పైన తెల్ల లైటు కింద ఉండేది దానికే. కోనాం చేప కోసం గాలం తీగలు వెనక వదిలి తిరిగే సరదా బోటుకి నియమాల్లో వేట బోటు హోదా లేదు, కాబట్టి అది మీకు తప్పుకోవాల్సిందే, ఇందులో నేను పూర్తిగా మీ వైపు. లంగరేసినవాడు మాత్రం నడవట్లేదు, అతను ఎటు తప్పుకుంటాడండీ, తాడు కిందికి కట్టేసి ఉంది.

మీ ఇబ్బంది కూడా తెలుసు. నలభై మీటర్ల లోతులో వైరు నూట ఇరవై నుంచి రెండొందల మీటర్లు వదులుతారు, దాని వెనక వల నోరు తెరిచి ఉంచే బోర్డులు, వల, అంత బరువు లాగుతూ మూడు నాట్లలో ఉన్న బోటు గబుక్కున తిరగదు, తిప్పితే బోర్డులు పడిపోయి వల చిక్కుపడుతుంది, ఆ రోజు డీజిలు డబ్బులు పోయినట్టే. ఇంకోటి, మీరు రాళ్ళ మీద లాగరు, వల చిరుగుతుంది, కానీ రాళ్ళ అంచు వెంబడి లాగుతారు, చేప అక్కడే చేరుతుంది కదా, సరిగ్గా గాలాల వాళ్ళు కూడా ఆ అంచు మీదే లంగరేస్తారు. గొడవంతా అక్కడే మొదలవుతోంది అని నా అభిప్రాయం. ఇది చదివే గాలాల వాళ్ళు రాళ్ళ అంచు వదిలి మధ్యలోకి జరిగితే సగం పేచీలు ఉండవు. మీరు కూడా వల పైకొచ్చే టైములో ముందుకు చూడ్డానికి ఒక మనిషిని నిలబెట్టండి, ఏరడానికి ఒక చెయ్యి తగ్గితే తగ్గింది.

ప్రశ్న: మా తమ్ముడు ఇంగ్లండులో బ్రైటన్ దగ్గర ఉంటాడు, ఆఫీసు వాళ్ళతో రాత్రిళ్ళు బోటులో చేపలకి వెళ్తున్నాడు. అక్కడ అంతా పద్ధతిగా ఉంటుంది భయం లేదంటాడు, నిజమేనా?
- ఒక అక్క, రాజమండ్రి

జవాబు: అమ్మా, సముద్రం ఎక్కడైనా సముద్రమే. ఆ బ్రైటన్ పక్కనే షోరం అని రేవుంది, 2017 ఆగస్టు 6న ఆ తీరం దగ్గరే గాలం వేటకి వెళ్ళిన నలుగురు స్నేహితుల చిన్న బోటుకి ఒక వేట బోటు తగిలింది, ముగ్గురు చనిపోయారు. బ్రిటన్ సముద్ర ప్రమాదాల విచారణ సంస్థ దాని మీద దర్యాప్తు కూడా చేసింది. నియమాలు మన దగ్గరా అక్కడా అవే, చీకటి కూడా అదే. తమ్ముణ్ణి వెళ్ళొద్దనకండి, ఎలాగూ వినడు, లైఫ్ జాకెట్ బ్యాగులో కాదు ఒంటి మీద ఉంటుందా అని మాత్రం అడగండి. చల్లటి నీళ్ళలో పడ్డాక అది వెతుక్కుని తొడుక్కోవడం అయ్యే పని కాదు.

ప్రశ్న: నిజంగా మీదకొస్తుంటే అప్పుడు ఏం చెయ్యాలి? సూటిగా చెప్పండి. బోట్లకి ఇస్తున్న ఇస్రో ట్రాన్స్‌పాండర్ ఉంటే మేం వాళ్ళకి కనబడతామా?
- కాకినాడ

జవాబు: రెండోది ముందు చెప్తా, కనబడరు. అది శాటిలైటు ద్వారా ఒడ్డుకి మెసేజీ పంపడానికి, ఆపద చెప్పడానికి, పక్క బోటు డ్రైవరు ముందు మిమ్మల్ని తెర మీద చూపించేది కాదు. దానికి ఏఐఎస్ అని బోట్లు ఒకదానికొకటి తామెక్కడున్నాయో తెలిపే యంత్రం వేరే ఉంది, అది కూడా అవతలివాడు ఆన్ చేసి చూస్తుంటేనే. ఫైబర్ బోటు రాడార్‌లో కూడా సరిగా పడదు, కాస్త అల ఉంటే అసలు కనిపించదు, అందుకే ఎత్తులో ఒక రాడార్ రిఫ్లెక్టర్ కట్టుకోవడం మంచిది.

ఇంక మీదకొస్తుంటే. దూరంగా ఉన్నప్పుడే ఫోన్లో దిక్సూచి పెట్టి ఆ లైటు ఏ దిక్కులో ఉందో చూడండి, రెండు మూడు నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి, దిక్కు మారకుండా లైటు పెద్దదవుతుంటే మీదకే వస్తోంది. బోటు అంచుకి సరిపెట్టి చూస్తే కుదరదు, లంగరు మీద మన బోటే ఊగుతుంటుంది. ఎర్ర లైటు, పచ్చ లైటు రెండూ పక్కపక్కన కనిపిస్తే ఇంక ఆలోచించక్కర్లేదు.

అప్పుడు హారను గబగబా ఐదుసార్లు తక్కువ కాదు, వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే 16వ చానల్లో పిలుపు, టార్చి మాత్రం అతని కళ్ళలోకి కొట్టొద్దు, ఉన్న చూపు కూడా పోతుంది, మీ బోటు పక్కల మీద మీ కేబిన్ మీద కొట్టండి, అప్పుడు అక్కడ బోటు ఆకారం ఉందని తెలుస్తుంది. ఇంజిను ముందే స్టార్ట్ చేసి ఉంచండి, బోటు వెనక తగిలించే ఔట్‌బోర్డు ఇంజిను పైకెత్తి పెట్టుకుని కూర్చునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పటికీ ఆగకపోతే లంగరు లాగుతూ కూర్చోకండి. తాడు చివర ముందే ఒక తేలే బుడ్డి కట్టి ఉంచుకుంటే ముడి విప్పి మొత్తం నీళ్ళలో వదిలేసి పక్కకి పోవచ్చు, తెల్లారాక వచ్చి తీసుకోవచ్చు. ముడి రాకపోతే కత్తి, అది చేతికందే చోట ఉండాలి, చేపల పెట్టె అడుగున కాదు. లంగరు ఎప్పుడూ ముందునుంచే వెయ్యాలి, వెనకనుంచి వేస్తే అల నేరుగా లోపలికొస్తుంది.

ట్రాలరు పక్కనుంచి దాటిపోయింది కదా అని అప్పుడే ఊపిరి పీల్చుకోకండి, వెనక రెండొందల మీటర్లలో బోర్డులు, వల వస్తున్నాయి, అవి మీ లంగరు తాడుని పట్టాయంటే బోటు ముక్కు కిందికి లాగేస్తాయి. వల మొత్తం దాటేదాకా కత్తి చేతిలోనే. ఆపదైతే కోస్ట్ గార్డు నంబరు 1554, సిగ్నలు ఉన్నంత దూరమే పనిచేస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధంలో ట్రాలర్లు ఉండవు గానీ జూన్ 14 అర్ధరాత్రి దాటగానే రేవులో ఉన్న బోట్లన్నీ ఒకేసారి బయల్దేరతాయి. ఆ రాత్రికి మాత్రం గాలాలు ఇంట్లోనే పెట్టుకోండి.