కాళహస్తికి పోయే ముందు

చిన్నీ,

మొదటి జీతం చేతికొచ్చిందని, వచ్చే ఆదివారం స్నేహితురాళ్లతో గుడిమల్లం, శ్రీకాళహస్తి చూసి అమ్మకు కలంకారీ చీర తెస్తానన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చెప్తుంటే వాడి గొంతు వినాలి, ఎంత మురిసిపోతున్నాడో! నాకూ సంతోషమే. అయినా తిరుపతిలో హాస్టలు, ఆఫీసు తప్ప ఇంకేమీ ఎరగని పిల్లవి, పెద్దవాళ్లు లేకుండా పోతున్నావని మనసు ఒకచోట నిలవడం లేదు. అందుకే ఇంత రాస్తున్నా.

ముందు ఆ ఆదివారం మార్చు. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. రాహుకేతు పూజకు వచ్చే జనమంతా ఆ వేళకే ఎగబడతారు. సెలవు దొరికితే బుధవారమో గురువారమో పో. అమావాస్య మాత్రం కాకుండా చూసుకో.

రెండోది, ఏ ఊరు ముందు అనేది. కాళహస్తి దర్శనం అయ్యాక ఇంకో గుడికి పోకుండా నేరుగా ఇల్లు చేరాలంటారు మనవాళ్లు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా, దారి ప్రకారం కూడా గుడిమల్లమే ముందు రావాలి. ఆరింటికల్లా బయలుదేరితే ఎండ ముదరకముందే చూసేయొచ్చు. పాపానాయుడుపేట మీదుగా ఆటోలో పోతే, రాకపోకలకూ అక్కడ ఆగే గంటకూ కలిపి ముందే బేరమాడుకో. పోయేటప్పుడు దింపేసి వెళ్లిపోతే వచ్చేటప్పుడు రోడ్డు మీద నిలబడాలి. గుడిమల్లంలో లింగం దాదాపు ఐదడుగుల ఎత్తు. దాని ముందు భాగంలో యక్షుడి భుజాలమీద నిలబడిన శివుణ్ణి చెక్కారు. ఒక చేత పొట్టేలు, భుజాన గొడ్డలి ఉంటాయి, వెతికి చూడు. క్రీస్తు పూర్వపుదని చాలామంది పండితుల మాట. గర్భగుడి పల్లంలో ఉంటుంది, పైకి చూస్తూ అడుగేసేవు. పాపానాయుడుపేట గాజుపూసలకు పేరున్న ఊరు. కనిపిస్తే రెండు దండలు తీసుకో.

కాళహస్తిలో గుడి సంగతి నీకు తెలిసిందే. ఫోను, చెప్పులు కౌంటర్లో ఇచ్చి టోకెను భద్రంగా పెట్టుకో. పూజ చేయిస్తానంటూ బయట వెంటపడేవాళ్లతో మాట కలపకు, టికెట్టు లోపలి కౌంటర్లోనే. వాయులింగం దగ్గర గాలి సోకని చోట ఊగే దీపం చూడు. బయటికొచ్చాక పెద్ద గోపురం కూడా చూడు. కృష్ణదేవరాయలు 1516లో కట్టించింది 2010లో కూలిపోయింది, ఇప్పుడున్నది కొత్తది.

ఇక చీర. నా భయమంతా దీని గురించే. నీ మొహమాటం నాకు తెలుసు. అంగడాయన పది చీరలు విప్పి పరిచాడంటే, ఏదో ఒకటి కొనకపోతే బాగుండదని పర్సు తీస్తావు. అలా చేయకు. విప్పడం ఆయన పని, వద్దనడం నీ హక్కు.

కలంకారీ అని అమ్మేదాంట్లో చాలా భాగం స్క్రీన్ ప్రింటే. పెడన, మచిలీపట్నం వైపు అచ్చులద్దేది కూడా కలంకారీయే, అదేం మోసం కాదు, కానీ కాళహస్తిది కలంతో గీసేది. వెదురుపుల్లకు ఉన్నిదో గుడ్డదో చుట్ట కట్టి, దాన్ని రంగులో ముంచి గీస్తారు. అంతకుముందు గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల గీత అటూ ఇటూ పాకదు. ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో నాన్చితే వచ్చే రసం ఆ కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లగా మారుతుంది. ఆ నలుపు దారంలోకే ఇంకుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, మంజిష్ఠ లాంటి వేళ్లు, చెక్కలతో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అందరూ చేసే తప్పొకటుంది. ట్యూబులైటు కింద పైట పరిచి, రంగులు చూసి మురిసిపోతారు. రంగు ఎవరైనా నింపొచ్చు. నల్లగీతను స్క్రీన్‌తో అచ్చువేసి, లోపల రంగు మాత్రం చేత్తో పూసి ‘హ్యాండ్ వర్క్’ అంటారు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. కాబట్టి నువ్వు నల్లగీతనే చూడు. మీ అవ్వ ఏ చీరనైనా ముందు తిరగేసేది, గుర్తుందా? అలాగే తిప్పు. కలంతో గీసింది వెనక కూడా బాగా కనిపిస్తుంది. పైపై రంగైతే వెనక వెలవెలబోతుంది, వేలితో రుద్దితే ప్లాస్టిక్ పొరలా తగులుతుంది. పల్చని గుడ్డయితే ప్రింటు కూడా వెనక్కి దిగుతుంది, అందుకని అక్కడితో ఆగకు. ఒకేలా ఉన్న రెండు నెమళ్లనో రెండు ముఖాలనో పక్కపక్కన పెట్టు. చేత్తో గీసినవైతే కన్ను, ముక్కు, గీత లావు ఎక్కడో ఒకచోట తేడా వస్తాయి. అచ్చుగుద్దినట్టు ఒకటే ఉంటే అది అచ్చే. నేత గుడ్డ తెల్లగా మెరవకూడదు, పాత కాగితం రంగులో ఉంటుంది. ముక్కు దగ్గర పెడితే పాలు, కరక్కాయ కలిసిన వాసన వస్తుంది. కొత్త చీరకు ఆ వాసన మంచిదే.

ఇవన్నీ పగటి వెలుగులో, గుమ్మం దగ్గరికి తెచ్చుకుని చూడాలి. అందుకే అన్నం తినగానే అంగళ్లకు పో, చీకటి పడేదాకా లాగకు. నచ్చాక బిల్లు మీద ‘చేతి కలం పని’ అని రాయమను. రాయనంటే చీర మడిచి ఇచ్చేసి గమ్మున వచ్చేయ్.

అమ్మకు ఇచ్చేటప్పుడు ఉతికే సంగతి కూడా చెప్పు. మొదటిసారి విడిగా, చన్నీళ్లలో, కుంకుడు రసంతో ఉతకాలి. నానబెట్టకూడదు, నీడలో ఆరేయాలి. మరక పడితే నిమ్మకాయ రుద్దే అలవాటుంది ఆమెకు. పులుపు తగిలితే ఆ నలుపు వెలిసిపోతుంది. తుప్పు పట్టిన తీగమీద వేయొద్దను, పిన్నీసు గుచ్చి అలాగే బీరువాలో పెట్టొద్దను. గుడ్డలో ఇంకా కరక్కాయ ఉంటుంది కదా, ఇనుము తగిలితే నల్లమచ్చ పడుతుంది, మళ్లీ పోదు.

వెంకటగిరి కూడా చూసొద్దామని మీలో ఎవరో అంటారు. వద్దు, అది ఇంకో రోజు పని. ఐదింటికల్లా తిరుపతి ఆర్టీసీ బస్సులో కూర్చోవాలి. తిరుగు దారికి షేర్ ఆటో అసలొద్దు. దబాయిస్తున్నానని అనుకోకు, నలభై కిలోమీటర్లయినా లేని దారే, కానీ నువ్వు హాస్టల్ చేరానని ఫోన్ చేసేదాకా ఇక్కడ చిత్తూరులో నాకు ముద్ద దిగదు.

మీ అమ్మకు ఎరుపు చీరలు చాలా ఉన్నాయి. నీలం అడుగు, నీలిమందుతో వేసిందో కాదో కూడా అడుగు.

మీ పెద్దత్త