చేతికి సరిపోయే పెన్ను: ఒక కొత్త కథకురాలికి ఉత్తరం

నల్లగొండ

బిడ్డా,

నీ ఉత్తరం, దాంతోటి పంపిన కథ రెండూ ముట్టినయి. ‘సార్, పెన్ను గురించి మిమ్ముల అడగొచ్చో లేదో’ అని మొహమాటపడ్డవు. ఎందుకు అడగొద్దు? రెండు పేజీలు దాటంగనే బొటనవేలు గుంజుతున్నదని రాసినవు. అది నీ కథల కనపడుతనే ఉన్నది. మొదటి పేజీలల్ల వాక్యాలు తీరుబడిగ నడిసినయి. ఎనిమిదో పేజీ కాడ అవ్వ నోరు తెరిచి నాలుగు మాటలకే ఆపింది. అక్కడ అవ్వ ఆగలేదు, నీ చెయ్యి ఆగింది. ఆ భాగం మళ్ల రాయాలె, కాని ఇప్పుడు రాసే పెన్నుతోటి కాదు.

నువ్వు వాడేది బాల్‌పెన్ను. దాని కొసకున్న సన్నటి గోళీ తిరిగితెనే జిడ్డు సిరా దిగుతది. తిరగాలంటె నొక్కాలె, పెన్ను నిలువుగ పట్టాలె. ఇంకు పెన్నుకు ఆ బాధ లేదు. పాళీ మధ్యల చీలిక ఉంటది కదా, అండ్లకెల్లి సిరా తనంత తానే కాయితం మీదికి వస్తది. పాళీ తాకితె చాలు. 45 డిగ్రీలకు అటిటుగ వాల్చి, చెయ్యి బల్ల మీద ఆనిచ్చి రాయొచ్చు. ఇంకు పెన్ను కొనుక్కోమని నీకు చెప్పినోళ్లు మంచి మాటే చెప్పిన్రు. అయితె సగమే చెప్పిన్రు. సన్నటి ఇంకు పెన్ను తెచ్చుకుంటె నొక్కుడు తప్పుతది గని పిసుకుడు తప్పది. నీ బొటనవేలుకు నొప్పి తెస్తున్నది ఎక్కువ ఆ పిసుకుడే.

కొడవలి పిడి లావుగ ఎందుకు చెక్కుతరో నీకు నేను చెప్పేదేముంది. సన్నటి పిడి జారకుండ పట్టాలంటె పిడికిలి బిగించాలె, పొద్దుమూకేసరికి చెయ్యి పడిపోతది. పెన్నుల గూడ అంతే. మూడు వేళ్లు ఆనే చోటును దుకాణపోళ్లు సెక్షన్ అంటరు. అది లావుగ ఉంటె వేళ్లు కొంచెం తెరుచుకొని నిలుస్తయి, బిగువు తగ్గుతది. పెన్ను పొడుగు, మూత మీది బంగారు రంగు పట్టీ, క్లిప్పు మీది పేరు, ఇవన్ని చూసేటోళ్ల కోసం. రాసేటోళ్లకు మొదట కావల్సింది సెక్షన్ లావు. పెద్ద పెన్ను అని అమ్మేటివాటిల్ల గూడ కొన్నిటికి ఒళ్లు లావు, సెక్షన్ సన్నం. నడుమ మెట్టు లెక్క దిగుతది. అసొంటిది కొనకు.

ఎంత లావు కావాలె అనేది నేను చెప్పలేను, నీ చెయ్యే చెప్పాలె. రూపాయి ఖర్చు లేకుండ ఇంట్లనే తేల్చుకోవచ్చు. ఇప్పుడున్న బాల్‌పెన్నుకు, వేళ్లు ఆనే కాడ, పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టు. ఒక పేజీ రాయి. ఇంకో చుట్టు వేసి ఇంకో పేజీ రాయి. ఒక కాడ వేళ్లు వాటంతట అవే సడలుతయి, నీకే తెలుస్తది. అది దాటినంక ఇంకా లావు చేస్తె అక్షరం మీద అదుపు పోతది, వత్తులు వంకర పోతయి. వేళ్లు సడలిన కాడ ఆగి, దాని చుట్టూ దారం చుట్టి స్కేలు మీద పెట్టు. దారం 25 మిల్లీమీటర్లు వస్తె లావు, అంటె అడ్డంగ కొలత, 8 మిల్లీమీటర్లు. 31 వస్తె 10. 38 వస్తె 12. 41 వస్తె 13. బడిపిల్లలు రాసే సన్నటి పెన్నులు 8, 9 దగ్గర ఉంటయి. చానామందికి 10, 11 సరిపోతది. 12 అంటె పెద్ద పెన్ను కిందనే లెక్క. 13 దాటినయి పెద్ద అరచేతులకే. దుకాణానికి పోయేటప్పుడు ఆ దారం, చిన్న స్కేలు సంచిల వేసుకొని పో. ఎవరన్న నవ్వితె నవ్వనియ్యి.

పెన్ను లావు చేసుకునుడు మన జిల్లకు కొత్త కాదు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగిసినోళ్లకు వేళ్లు పూర్తిగ ముడుచుకోవు. సంతకం పెట్టేతందుకు పెన్నుకు గుడ్డపేలిక చుట్టుకునేటోళ్లను నేను చూసిన. నీది ఆ కష్టం కాదు. కాని రాయని పూట గూడ, రాత్రిళ్లు గూడ వేళ్లు తిమ్మిరెక్కుతుంటె పెన్ను ముచ్చట పక్కకు పెట్టి డాక్టరుకు చూపియ్యి.

లావు తర్వాత బరువు. చైనా కంపెనీ జిన్‌హావ్ చేసే 159 అనే పెన్ను నీ కంట్ల పడుతది. పెద్దది, అగ్గువది, చేతిల పడంగనే నిండుగ అనిపిస్తది. కాని దాని ఒళ్లు ఇత్తడి. బరువు 50 గ్రాములకు అటిటు. సంతకాలకు మంచిగుంటది, పది పేజీల కథకు నేను చెప్ప. అదే కంపెనీ ఎక్స్‌159 అని ప్లాస్టిక్‌ది చేస్తది. అది లావుగ ఉండి తేలికగ ఉంటది, పాళీ గూడ పెద్దది. తక్కువ పైసలల్ల పెద్ద పెన్ను కావాలంటె అది పనికొస్తది. లామీ సఫారీ అసొంటి వాటికి వేళ్ల కాడ పలకలు తీసి ఉంటయి. వాళ్లు అనుకున్నట్టే పట్టుకుంటె హాయి, నీ పట్టు కొంచెం వేరే అయితె ఆ అంచులు గుచ్చుతయి. కంపెనీ ఏదైన సెక్షన్ గుండ్రంగ ఉన్నది చూడు.

నన్నడిగితె నువ్వు ఎబొనైట్ పెన్ను కొనాలె. రబ్బరును గంధకంతోటి కాచి గట్టిపరిస్తె వచ్చేదే ఎబొనైట్. లావుగ ఉండి గూడ తేలిక. లోహం లెక్క చల్లగ తగలదు. నున్నగ మెరుగు పెట్టనిది తీసుకుంటె చెమట చేతిల గూడ జారదు, మన ఎండలకు అది చిన్న సుఖం కాదు. ఇంకో సంగతి, దీనికోసం దూరం పోవల్సిన పని లేదు. రాజమండ్రి రత్నం పెన్నులు స్వదేశీ ఉద్యమం నాటియి. 1935ల గాంధీ ఆ పెన్నుతోటి రాసి చూసి, మెచ్చుకుంట ఉత్తరం రాసిండు. గైడర్ పెన్నులు గూడ ఆ ఊరియే. హైదరాబాద్ ఆబిడ్స్‌ల దక్కన్ పెన్ స్టోర్స్ ఉన్నది. వాళ్ల సొంత పెన్ను ‘అడ్వొకేట్’ ఎబొనైట్‌దే, పేరుకు తగ్గట్టు పెద్దది. మద్రాసు గామా, తిరువళ్లూరు రంగా పెన్నులల్ల గూడ లావువి దొరుకుతయి. ఇవి చానవరకు లేత్ మీద ఒక్కొక్కటి తిప్పి చేసేటియి. కాబట్టి సెక్షన్ 12 కావాలె, నడుమ మెట్టు ఉండొద్దు అని అడగొచ్చు. యంత్రంల పోసి తీసే పెన్నుకు ఆ వెసులుబాటు లేదు. ధరలు మారుతుంటయి, నేను రాసింది నువ్వు పోయేసరికి పాతబడుతది. వెయ్యి మీద మొదలుపెట్టి రెండున్నర వేల లోపట నీకు కావల్సింది దొరకాలె. దానికి మించి పెట్టకు. మించిన పైసలు రంగుకు, పాలిష్‌కు పోతయి, నీ బొటనవేలుకు ఒరిగేదేమీ లేదు.

ఎబొనైట్‌కు తప్పులు లేవని కాదు. కొత్తల గంధకం వాసన వస్తది. ఎండల పెడితె, వేడినీళ్లతోటి కడిగితె నల్లటిది గోధుమరంగుకు తిరుగుతది. అన్నిటికంటె పెద్ద తప్పు, పెన్ను మంచిగ తిప్పి పాళీ మాత్రం ఏదో ఒకటి పెట్టి ఇచ్చేటోళ్లున్నరు. అందుకె పాళీ కొలత అడుగు. పెద్ద పెన్నుకు ఆరో నంబరు పాళీ ఉండాలె, పొడుగు 35 మిల్లీమీటర్ల దగ్గర. అది కాన్‌పూర్‌ల గూడ చేస్తరు. చెడిపోతె మార్చుకోవచ్చు.

ఇగ పాళీ మొన. ఇంగ్లీషు రాసేటోళ్ల సలహాలు తెలుగుకు పనికిరావు. మన అక్షరం గుండ్రంది, లోపట చిన్న చిన్న సున్నలు, కింద వత్తులు. వెడల్పు మొనతోటి రాస్తె ఘ, ఝ, ష లోపటి ఖాళీలన్ని సిరాతోటి నిండుతయి. రెండు రోజులకు నీ రాత నువ్వే చదవలేవు. ఫైన్ గాని, నువ్వు పెద్దగ రాస్తవంటె మీడియం గాని తీసుకో. దుకాణంల అందరూ తమ పేరు రాసి సంతకం పెట్టి చూస్తరు. నువ్వు ‘స్త్రీ’, ‘ఘర్షణ’, ‘జ్ఞాపకం’, ‘కృష్ణా’ అని రాసి చూడు. తర్వాత ఎనిమిది అంకెను ఆపకుండ పది సార్లు తిప్పు, ముందు కుడికి, తర్వాత ఎడమకు. మన చెయ్యి పాళీని కిందికి గుంజుడే కాదు, మీదికి, పక్కకు గూడ తోస్తది. గీరుకుపోయే పాళీ ఆ తిప్పుట్లనే దొరికిపోతది. ఒక పక్కకే గీరుతుందంటె రెండు కొసలు సమంగ లేవు, దుకాణపాయనకు చూపిస్తె అక్కడనే సరిచేస్తడు. సరిచెయ్యనంటె ఆ పెన్ను అక్కడనే పెట్టి వచ్చెయ్యి.

ఇంకొకటి మరిచిపోయేటోణ్ణి. మూత బిగించే మరలు. లావు పెన్నులల్ల సెక్షన్ పొట్టిగ ఉంటె నీ వేళ్లు సక్కగ ఆ మరల మీదనే పడుతయి. పదునైన మరలైతె రెండో పేజీకే గీతలు పడుతయి. నువ్వు ఎప్పుడూ పట్టుకునేటట్టే పట్టుకొని చూపుడువేలు ఏడ ఆనుతున్నదో చూడు. మూత వెనక తగిలించి రాయకు. బరువంత వెనక్కి గుంజుతది, దాన్ని ఆపేతందుకు వేళ్లు మళ్ల బిగుస్తయి.

సిరా నింపుడు. ఈ పెన్నులు చానవరకు డ్రాపర్‌తోటి నేరుగ ఒంట్లనే పోసేటియి. పెద్ద పెన్నుల మూడు మిల్లీలీటర్ల దాకా పడుతది. లోపట కన్వర్టర్, అంటె సిరా గుంజుకునే చిన్న గొట్టం, పెట్టేటియి ఉన్నయి, అండ్ల ఒక మిల్లీలీటరు గూడ పట్టదు. ఇంట్ల కూచోని రాసేటోళ్లకు డ్రాపర్‌దే మేలు. ఒక్క ఇబ్బంది, సిరా సగం కంటె తగ్గినంక లోపటి గాలి చేతి వేడికి ఉబ్బి పాళీ కాడ చుక్క దింపుతది. సిరా సగానికి రాకముందే నింపు, అంతే. సెక్షన్ ఒంటికి బిగిసే కాడి మరలకు సిలికాన్ గ్రీజు కొద్దిగ రాయి, వాజలిన్ రాయకు. బస్సుల పెన్ను నిలువుగ, పాళీ మీదికి ఉండాలె. ఎక్కువ తిరిగేటట్టుంటె అప్పుడు కన్వర్టర్‌దే తీసుకో.

బ్రిల్, కామెల్ సిరాలు చాలు. డ్రాయింగు ఇంకు మాత్రం పొయ్యకు, అండ్ల లక్క ఉంటది, ఎండిపోయి పాళీ కింది నాలుక దారులు మూసుకుపోతయి. రాయల్ బ్లూ మీద నీళ్ల చుక్క పడితె పోతది, వానకాలం నోటుబుక్కులు పైలం. కడిగేతందుకు మన బోరునీళ్లు వాడకు, ఉప్పు పేరుకుంటది. క్యానుల ఫిల్టర్ నీళ్లు గిన్నెల పోసుకొని, సిరా రంగు పోయేదాక కడుగు. నెలకొకసారి చాలు.

కాయితం గురించి పెద్దగ చెప్పను. అగ్గువ నోటుబుక్కుల సిరా పాకుతది, వెనక పేజీకి దిగుతది. కొనేముందు ఒక కొసన గీత గీసి చూడు.

నల్లగొండ గడియారం కాడి దుకాణాలల్ల వెతికి టైము పోగొట్టుకోకు, అక్కడ జెల్ పెన్నులదే రాజ్యం. దేవరకొండల పొద్దుగాల బస్సెక్కితె ఇమ్లీబన్ బస్టాండుల దిగుతవు, అక్కడినుంచి ఆబిడ్స్ దగ్గరే. ఆదివారం పోకు. నువ్వు రోజూ రాసే నోటుబుక్కే తీసుకపో. దుకాణంలిచ్చే నున్నటి కాయితం మీద ఏ పెన్నైన మంచిగనే రాస్తది. ఒక్క లైను రాసి తిరిగియ్యకు, నిలబడి అర పేజీ రాయి. వాళ్లు ఏమనుకోరు, పెన్నులమ్మేటోళ్లకు ఇసొంటోళ్లు అలవాటే.

తెచ్చుకున్నంక మొదటి వారం కథ ముట్టకు. బాల్‌పెన్ను అలవాటుకు నువ్వు నొక్కుతనే ఉంటవు, పాళీ కొసలు విచ్చుకుంటయి. ఉత్తరాలు రాయి, పద్దు రాయి, ఎవరిదన్న పేజీ చూసి ఎత్తి రాయి. కింద ఇంకో కాయితం పెట్టి రాస్తె కింది దాని మీద అచ్చు పడుతున్నదో లేదో తెలుస్తది. పడుడు ఆగినంక కథల చెయ్యి పెట్టు.

నీ దారం ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో మాత్రం నాకు రాయి. కల్వకుర్తి నుంచి ఇంకొక అమ్మాయి ఇదే అడిగింది, ఆమె చెయ్యి గూడ నీ అంతే ఉంటదనుకుంటున్న.

ఉంట,
మీ సార్