చిన్నపిల్లలకు స్పెషల్ టీచర్ కావాలంటే బీఎడ్డా, డీఎడ్డా?

డిగ్రీ అయిపోయింది, ఒకటి నుంచి ఐదు తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పాలనుంది, బీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ సరిపోతుందా అని అడిగారు. నేను మేధో వైకల్యం విభాగంలో చేసింది ఆ కోర్సే. రెండేళ్లు పట్టింది.

ముందు ఉద్యోగం సంగతి చెప్తాను. ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టులకు బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2024 తెలంగాణ డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్‌వి 220, ఎస్జీటీవి (సెకండరీ గ్రేడ్ టీచర్‌వి) 796. చిన్న తరగతులు ఎస్జీటీలవి, వాటికి డీఎడ్ స్పెషల్ కావాలి. కాబట్టి మీ మనసు నిజంగా చిన్నపిల్లల మీదే ఉంటే డీఎడ్‌కే వెళ్లండి. డిగ్రీ చదివి డీఎడ్డా అని చుట్టాలు అంటారు, అననివ్వండి. ఏది చేసినా ఆ కాలేజీకి, ఆ కోర్సుకు ఆర్సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే సీఆర్ఆర్ నంబర్, అంటే ఆ మండలి రిజిస్టర్‌లో మీ పేరు నమోదైన నంబర్, రాదు. ఆ నంబర్ లేకుండా స్పెషల్ టీచర్‌గా పనిచేయడానికి చట్టం ఒప్పుకోదు.

ఇక శిక్షణ. థియరీ ఎలాగోలా చదివేస్తాం. నాకు పని నేర్పింది మాత్రం స్పెషల్ స్కూల్లో చేసిన ప్రాక్టికల్సే. మొదటి రోజు రాత్రంతా కూర్చుని చేసిన పండ్ల కార్డులు పట్టుకెళ్లాను. నాకిచ్చిన తొమ్మిదేళ్ల బాబు మామిడిపండు కార్డు నమిలేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అక్కడి మేడమ్ నవ్వి, "కార్డులు పక్కన పెట్టమ్మా, ముందు వాడికి ఏమేం వచ్చో చూడు" అన్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ తయారుచేసిన ఎఫ్ఏసీపీ చెక్‌లిస్టు (పిల్లలకు ఏ పనులు వచ్చో, ఏవి రావో గుర్తించేది) చేతికిచ్చారు. అది నింపాక తెలిసింది, వాడికి కావలసింది పండ్ల పేర్లు కాదు, చొక్కా గుండీ పెట్టుకోవడం.

ఆ పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి చివరి నుంచి నేర్పాం. గుండీని సగం వరకు నేనే దూర్చేదాన్ని, వాడు అవతలి వైపు నుంచి లాగాలంతే. అంటే ప్రతిసారీ పని ముగించేది వాడే, చప్పట్లూ వాడికే. లాగడం వచ్చాక ఒక మెట్టు వెనక్కి. మొదట గుడ్డముక్కకు కుట్టిన పెద్ద కోటు గుండీ, తర్వాత సొంత చొక్కా. నెల దాటింది. లెసన్ ప్లాన్‌లో మాత్రం అది 40 నిమిషాల పాఠం!

డబ్బులిస్తే కేస్ స్టడీ రికార్డులు రాసిపెట్టేవాళ్లు దొరుకుతారు. నా బ్యాచ్‌లో కొందరు అలాగే కానిచ్చారు, తర్వాత క్లాసులో పిల్లాడు తల గోడకేసి కొట్టుకుంటుంటే ఏం చేయాలో తెలియక నాకు ఫోన్లు చేశారు. ఫీజు కట్టకముందే ఆ కాలేజీ సీనియర్లను స్పెషల్ స్కూల్‌కి ఎన్ని రోజులు పంపారో అడగండి. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే, అనుమతి తీసుకుని రెండు రోజులు వెళ్లి కూర్చోండి. చేయగలరో లేదో మీకే తెలిసిపోతుంది.