పెయింటున్న గోడ మీద ప్లాస్టరింగ్: సమాధానం

అన్నా, మీ కడప ఇంటి పడమటి గోడకు పాత ఎమల్షన్ పెయింటు ఉంది, దాని మీదే సిమెంటు పాలు కొట్టి ప్లాస్టరింగ్ చేస్తే చాలని మేస్త్రీ చెప్పాడన్నారు. ఒప్పుకోవద్దు. కొత్త పూత పట్టుకునేది పెయింటును, గోడను కాదు. ఎండకు ఆ పొర వదిలితే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది.

ముందు గోడంతా సుత్తితో తట్టించండి. డొల్లగా మోగిన చోటల్లా ఇటుక కనబడేదాకా కొట్టేయాలి. మిగతా చోట పెయింటు గీకించి, దగ్గరదగ్గరగా 3 మి.మీ. లోతు గంట్లు పెట్టించండి. ఈ పనికి మేస్త్రీలు విసుక్కుంటారు, కూలీ విడిగా మాట్లాడుకోవడం మేలు. కింద పాత సున్నం పొర తగిలితే మాత్రం మొత్తం తీయాల్సిందే. తర్వాత వైరు బ్రష్షు కొట్టి, కడిగి, గోడ తడిగా ఉంచాలి, నీళ్లు కారకూడదు.

ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటుకు పట్టు పెంచే, పాలలా ఉండే రబ్బరు ద్రవం) ఒక వంతు, నీళ్లు ఒక వంతు, అందులో సిమెంటు చిక్కగా కలిపి బ్రష్షుతో పూయండి. వేలికి జిగురుగా అంటుతున్నప్పుడే మాలు పడాలి. ఆరిపోయాక వేస్తే పట్టు రాదు సరికదా, అదే వదిలే పొర అవుతుంది. అందుకే ఒకరు పూస్తుంటే మేస్త్రీ వెనకాలే రావాలి.

మాలు 1:4 (సిమెంటు ఒక వంతు, ఇసుక నాలుగు వంతులు), మందం 12–15 మి.మీ. పిల్లరూ ఇటుకా కలిసే చోట కోడిజాలీ (సన్న ఇనుప తీగ వల) కొట్టించండి. పని పొద్దున నీడలో మొదలుపెట్టి, మధ్యాహ్నపు ఎండ తగలకుండా గ్రీన్ నెట్ కట్టండి. మర్నాటి నుంచి 7 రోజులు తడపాలి. పెయింటు 28 రోజుల తర్వాతే.