మిలిటరీ పోలీస్ అంటే మన పోలీసు ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయికి టెన్త్‌లో 61 శాతం వచ్చింది, ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది. ఆర్మీలో మిలిటరీ పోలీస్‌గా చేరతానంటోంది. అది కానిస్టేబుల్ ఉద్యోగంలాంటిదేనా? ఎలా చేరాలి? – ఓ తండ్రి, కడప

జవాబు: కాదండీ. మిలిటరీ పోలీసులు ముందు సైనికులు, తర్వాతే పోలీసులు. వాళ్ల అధికారం ఆర్మీ చట్టం పరిధిలోకి వచ్చేవాళ్ల మీదే. బయటి జనం సంగతి రాష్ట్ర పోలీసులదే. నేరం చేసిన జవానును నిర్బంధించవచ్చు గానీ, ఆఫీసరును పట్టుకోవాలంటే మరో ఆఫీసరు ఆదేశం ఉండాల్సిందే.

ఎర్ర టోపీ, తెల్ల బెల్టు పెట్టుకుని కంటోన్మెంట్ గేటు దగ్గర నిలబడటమే మనకు కనిపిస్తుంది. అసలు పని యుద్ధంలో. వంతెన దగ్గర ఏ యూనిట్ ట్రక్కులు ముందు దాటాలో చూసేది వీళ్లే. అక్కడ తికమక పడితే వాహనాలు బారులు తీరి శత్రు విమానాలకు దొరికిపోతాయి. యుద్ధఖైదీల కాపలా కూడా వీళ్లదే.

జవాన్ల స్థాయిలో అమ్మాయిలను తీసుకున్న మొదటి విభాగం ఇదే. 83 మందితో తొలి బ్యాచ్ 2021 మేలో బెంగళూరులో శిక్షణ ముగించింది. ఇప్పుడు అగ్నివీర్ (నాలుగేళ్ల సైనిక ఉద్యోగం) కిందే ఎంపిక. టెన్త్‌లో మొత్తం 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 ఉండాలి, పెళ్లి కాకూడదు. వయసు కనీసం 17½ ఏళ్లు. గరిష్ఠ పరిమితి ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూడండి. ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ర్యాలీ, అంటే మైదానంలో శారీరక పరీక్షలు.

ఎత్తు 162 సెంటీమీటర్లు. ఈ రోజే చెప్పులు విప్పించి, గోడకు ఆనించి కొలవండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పరుగు 1.6 కిలోమీటర్లు, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. మొదటి గ్రూపులో పడాలంటే 7½ నిమిషాల్లో, రెండో గ్రూపుకు 8 నిమిషాల్లో ముగించాలి. మొదటి రౌండ్ 90 సెకన్లలో లాగేసి మూడో రౌండ్‌లో కూలబడటం మామూలుగా జరిగే పొరపాటు. రౌండ్‌కు 110 సెకన్లు పట్టేలా వాచీ పెట్టుకుని అలవాటు చేయించండి. లాంగ్ జంప్ 10 అడుగులు, హై జంప్ 3 అడుగులు. రెండూ దాటితే చాలు.

మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటుంది. ఉద్యోగం నాలుగేళ్లే, ఆ తర్వాత 25 శాతం దాకానే ఆర్మీలో కొనసాగిస్తారు. మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 9,000 సేవానిధి అనే పొదుపు నిధికి పోతుంది. చివర్లో ప్రభుత్వ వాటా, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు చేతికొస్తాయి గానీ పెన్షన్ ఉండదు. అందుకే ఇంటర్ మధ్యలో వదలనివ్వకండి.

టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉందేమో కూడా చూడండి. తేడా ఉంటే దరఖాస్తుకు ముందే ఆధార్‌ను మెమో ప్రకారం మార్పించండి. ర్యాలీ నాటికి ఆ పని తెమలదు.